మా వీధి రోడ్డుకు వృద్ధాప్య పింఛను ఇప్పించండి

మా వీధిలో తారు రోడ్డు వేసి 14 నెలలైంది. అప్పుడే కంకర తేలి, చీలికలిచ్చి, మొన్నటి వానకి గుంతలు కూడా పడ్డాయి. ఇదేంటండీ అంటే ఇంజినీరు గారు కళ్లద్దాలు తుడుచుకుంటూ "తారు ముసలిదైపోయిందండీ, ఎండకీ గాలికీ అంతే, సహజం" అన్నారు. ముసలివాళ్లను ఎగతాళి చేసే ఇంట్లో పెరగలేదు నేను, అందుకని కూర్చుని చదివాను.

ఆయన మాట నిజమే. వేడికి తారులోని తేలిక నూనెలు ఆవిరైపోతాయి, మిగిలింది గాలిలో ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడి, సాగే గుణం పోయి పెళుసవుతుంది. అరిసెల పాకం కాస్త ముదిరితే ఏమవుతుందో తెలిసినవాళ్లకి ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

ల్యాబులో ఈ ముసలితనం తెప్పించడానికి పాపం చాలా తిప్పలు పడతారు. గాజు సీసాల్లో తారు పోసి 163 డిగ్రీల్లో 85 నిమిషాలు తిప్పుతారు. అది రోడ్డు వేసేటప్పుడు వచ్చే ముసలితనం. తర్వాత మామూలు గాలికి 20 రెట్లు ఒత్తిడి పెట్టి, 100 డిగ్రీల్లో 20 గంటలు ఉంచుతారు. అది ఏళ్ల తరబడి రోడ్డు మీద పడి ఉంటే వచ్చేది.

మా కాంట్రాక్టరు గారికి ఇవేవీ అవసరం పడలేదు. వీధి మొదట్లో వేపచెట్టు పక్కన డ్రమ్ము కింద కట్టెలు ఎగదోసి కుర్రాళ్లు టీకి వెళ్లారు, అటునుంచి అటే భోజనానికి వెళ్లారు, వచ్చేసరికి ఘాటు పొగ కమ్మేసి ఎదురింటి పిన్నిగారు ఆరేసిన చీరలన్నీ మళ్లీ ఉతుక్కున్నారు. థర్మామీటరేదయ్యా అంటే ఒకతను కర్ర ముంచి తీసి, తీగ సాగడం చూసి, "వచ్చేసింది సార్" అన్నాడు. డ్రమ్ము మీద వీజీ-30 (రోడ్లకి మామూలుగా వాడే తారు రకం) అని ఉంది, నేనే చూశాను. అంటే ఫ్యాక్టరీలో ఆరోగ్యంగానే పుట్టింది, ముసలితనం మా వేపచెట్టు దగ్గరే వచ్చింది.

కంకరకి తారు పూత పలచనైతే గాలి తొందరగా లోపలికంటా పాకుతుందట. అదీ చేశారు. రోలరు సరిగ్గా తిరగకపోతే రాళ్ల మధ్య సందుల్లో గాలి కాపురం పెడుతుందట. మా రోలరు రెండుసార్లు తిరిగి, డీజిల్ అయిపోయిందని వెళ్లిపోయింది (బిల్లులో మాత్రం అయిపోలేదు).

అందుకే పింఛను దరఖాస్తు తెచ్చాను. వయసు అన్నచోట ఆగిపోయాను. 14 నెలలని రాస్తే తిప్పి పంపిస్తారు, ముసలిదని రాస్తే ఇంజినీరు గారి సంతకం కావాలంటారు. ఆయన సెలవులో ఉన్నారు.