కట్ట నాది, వరద దేవుడిది

మట్టికట్టకు మరమ్మతులు కావాలనేవాళ్లకు మట్టి మీద నమ్మకం లేదు. మా పెద్దాయన సొంత డబ్బుతో, సొంత పొలానికి చిన్న ఆనకట్ట కట్టుకున్నాడు. పని పూర్తయిన రోజున దాని మీద ఒకసారి నడిచి ఫొటో దిగాడు. ఇరవై ఏళ్లుగా కట్ట కదల్లేదు, ఆయనా అటు కదల్లేదు. ఇంతకు మించిన తనిఖీ ఉంటుందా?

కట్ట నిండా చెట్లు. వేళ్లు మట్టిని పట్టి ఉంచుతాయని ఆయన సిద్ధాంతం. చెట్టు చచ్చి వేరు కుళ్లితే లోపల సొరంగం మిగులుతుందని ఓ ఇంజనీరు అనబోయాడు. పాపం, ఆయనకు పొలం లేదు కదా! పందికొక్కుల బొరియలంటారా, అవీ ప్రాణులేగా.

ఆయన మేధస్సంతా అలుగు దగ్గర చూడాలి. నీరు కట్ట ఎక్కకుండా పక్కదారిన పోవడానికే అలుగు. పోయే నీటిని చూస్తూ ఊరుకోవడం ఆయన వల్ల కాదు. అడ్డంగా ఇసుక బస్తాలు వేయించాడు. రెండడుగుల నీరు అదనంగా నిలిచింది. కట్ట అంచు దాకా ఉండాల్సిన రెండడుగుల ఖాళీ పోయింది. ఖాళీకి కౌలు రాదుగా!

ఈ విద్యకు ఘన చరిత్రే ఉంది. అమెరికాలో సౌత్ ఫోర్క్ ఆనకట్ట శ్రీమంతుల క్లబ్బుది. నీరు దించే గొట్టాలను అంతకుముందు యజమానే తుక్కు కింద అమ్మేశాడు. గుర్రపుబళ్లు ఎదురెదురుగా పోవాలని కట్ట ఎత్తు తగ్గించారు. చేపలు జారిపోకుండా అలుగుకు జాలీ బిగించారు. 1889 మే 31న కుంభవృష్టి. జాలీకి చెత్త పట్టింది, నీరు కట్ట మీంచి పొర్లింది, కట్ట తెగింది. దిగువన జాన్స్‌టౌన్‌లో 2,200 మందికి పైగా చచ్చిపోయారు. కోర్టుకెక్కిన బాధితులెవరూ క్లబ్బు దగ్గర పరిహారం గెలవలేదు. 2018లో కెన్యాలోని సోలైలో తెగిందీ ఓ ప్రైవేటు తోట ఆనకట్టే. అక్కడ పోయినవారు 40 మందికి పైనే.

మొన్న పెద్దాయన కట్ట వెనక చూశాను. అడుగున ఎండాకాలంలోనూ పచ్చగడ్డే. ఇన్నాళ్లూ తేటగా వచ్చిన ఊట ఎర్రబారింది. గ్లాసులో పట్టి కాసేపు కదపకుండా ఉంచితే అడుగున మట్టి పేరుకుంది. కట్ట లోపలి మట్టే కొట్టుకొస్తోందని, బుంగ పడేలా ఉందని చెప్పాను. ఆయన గ్లాసును వెలుగుకెత్తి మురిసిపోయాడు.

"అంటే కింద పొలాలకు మన ఒండ్రు ఊరికే పోతోందన్నమాట! ఎకరానికి ఎంత వసూలు చెయ్యమంటావ్?"