లెక్క రాసి ఫైలు మూసేస్తే సరా?

2017 నుంచి 2021 దాకా అయిదేళ్లలో మన జైళ్లలో 817 అసహజ మరణాలు జరిగితే అందులో 660 ఆత్మహత్యలే. ఈ మాట అన్నది ఏ ఉద్యమ సంఘమో కాదు, సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ అమితవ రాయ్ కమిటీ. 2022లో ఇంకో 119 మంది ఆత్మహత్య చేసుకున్నారు. జాతీయ నేర రికార్డుల బ్యూరో వేసే జైళ్ల గణాంకాల పుస్తకంలో ఏటా లెక్కయితే అచ్చవుతూనే ఉంది.

మా కోపం ఆ లెక్క మీదే. అంకె ఇచ్చేస్తే పనైపోయిందనుకుంటున్నారు. ఆ మనిషి రిమాండుకు వచ్చిన ఎన్నో రోజున పోయాడు? బెయిల్ కొట్టేసిన సాయంత్రమా, ములాఖత్‌కు ఎవరూ రాని నెలలోనా? తాగుడు మానేసి వణుకుతూ వచ్చినవాణ్ని డాక్టరు నిజంగా చూశాడా, సంతకం పెట్టి లోపలికి పంపేశాడా? ఆ పుస్తకంలో ఇవేవీ దొరకవు. జైలుకొచ్చిన తొలి గంటలు, తొలి రోజులు బాగా ప్రమాదమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే చెప్పింది, మన జైళ్లలో నలుగురిలో ముగ్గురు ఇంకా శిక్ష పడని విచారణ ఖైదీలు. ఈ రెండూ పక్కపక్కన పెడితే ఎక్కడ వెతకడం మొదలుపెట్టాలో చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది.

అలా వెతకాలంటే జైలు రికార్డులు పరిశోధకులకు తెరవాలి. వాళ్లను రానిస్తే భద్రతకు ముప్పు, ఖైదీల గుట్టు బయటపడుతుంది అనేవాళ్లున్నారు. సరే, పేర్లు తీసేసి కాగితాలివ్వండి. అప్పటికీ కుదరదంటే దాచుకుంటున్న గుట్టు ఖైదీలది కాదన్నమాట.

కాగితాలకు కొదవా అంటే అదీ లేదు. కస్టడీలో ఎవరు చనిపోయినా 24 గంటల్లో మానవ హక్కుల కమిషన్‌కు చెప్పాలన్న ఆదేశం 1993 నుంచి ఉంది, పోస్టుమార్టం ఉంటుంది, మేజిస్ట్రేట్ విచారణ ఉంటుంది. అంతా తప్పెవరిదో తేల్చడానికే. ఎవరిదీ కాదని తేలిందా, ఫైలు అటకెక్కుతుంది. అలాంటి వంద ఫైళ్లు కలిపి చదివి, రేపు ఇంకొకడు పోకుండా ఏం చేయాలో చెప్పే బాధ్యత మాత్రం ఎవరి మీదా లేదు.

జైళ్లు రాష్ట్రాల చేతిలోవి, కాబట్టి మన రెండు ప్రభుత్వాలూ ఢిల్లీ వైపు చూడక్కర్లేదు. చర్లపల్లి, రాజమండ్రి రికార్డులు పదేళ్లవి తీసి ఏదో ఒక మెడికల్ కాలేజీ సైకియాట్రీ విభాగానికి అప్పగిస్తే చాలు, మొదలవుతుంది. ఖైదీ గోడ దూకి పారిపోతే ఎన్ని గంటలకు, ఏ మూల నుంచి, ఎవరి డ్యూటీలో అన్నది తెల్లారేలోపు తేల్చేయగల శాఖ, అదే ఖైదీ లోపల చనిపోతే ‘డిప్రెషన్, కుటుంబ సమస్యలు’ అని ఒక ముక్క రాసి ఊరుకుంటోంది. సిగ్గనిపించడం లేదా?