ఒంటి తీగ ఉపద్రవం

తిరుపతికి కొత్త ముప్పు వచ్చిపడింది. ఎండిన సొరబుర్ర, దానికి తోలు, ఒక దండె, ఒకే ఒక ఉక్కు తీగ: దాని పేరు ఏకతార. తోడుగా జత చిడతలు. ఇంత మాత్రం సరంజామాతో ఒకాయన వేపచెట్టు కింద తత్వం ఎత్తుకుంటే, జనం నోరు మూసుకుని దగ్గరికి జరుగుతున్నారు. గంగజాతర చూసిన ఊరికి ఇదేం ఖర్మ?

తప్పు భౌతికశాస్త్రానిది. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్స్ పడిపోతుంది. మీటరు దూరంలో విన్నది 8 మీటర్ల దగ్గర 18 డెసిబెల్స్ తక్కువ. వినాలంటే మనమే లేచి వెళ్లాలి. డీజే ఆ శ్రమ పెట్టదు, తలుపేసుకున్నా ఇంట్లోకే వస్తుంది. రాత్రిపూట ఇళ్ల మధ్య 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి నిబంధన ఉంది. ఏకతార దాన్ని పాటిస్తోంది. అనుమానించడానికి ఇది చాలదా?

సౌండుబాక్సులవాళ్లు పాపం సాయానికి వచ్చారు. "సామీ, దీనికి వాల్యూం యాడుంది?" అనడిగి, మైకు తెచ్చి తోలుకు ఆనించారు. గుయ్యిమంది. బాక్సు మోతకు తోలు అదురుతుంది, ఆ అదురు మళ్లీ మైకులోకి, మైకు నుంచి బాక్సులోకి. మైకు జానెడు ఎడంగా పెట్టి, బాక్సును పాటగాడి ముందుకు జరిపి జనం వైపు తిప్పితే సరిపోతుంది. కాకపోతే అప్పుడు మైకున్నట్టే తెలియదు. బాడుగ ఎవరిస్తారు?

వాయిద్యం పెట్టే తిప్పలు వేరే. కార్తీకం వానలకు తోలు వదులై, తీగను మోసే చెక్కముక్క, అదే గుర్రం, దిగుతుంది, శ్రుతి జారుతుంది. నిప్పులకు దూరంగా పట్టి కాస్త వెచ్చజేయాలి, దగ్గర పెడితే తోలు పగులుతుంది. తీగను బిగించే బిరడ జారితే సుద్దముక్క రుద్దాలి. నూనె రాసే మేధావులూ ఉన్నారు, వాళ్ల బిరడ ఇక నిలబడదు. గుర్రం మీద తీగ కింద నూలుపోగు ఒకటి ఉంటుంది. అది వెంట్రుకవాసి అటైతే తీగ టక్కుమంటుంది, కుదురుకుంటే జుమ్మంటుంది. ఆ వెంట్రుకవాసి కోసం పావుగంట వెతుకుతారు, జనం అదీ వింటారు! పాట మధ్యలో తీగ దిగితే గొంతూ దాంతోపాటే దిగుతుంది కనుక ఎవరికీ తెలియదు. పక్కన హార్మోనియం ఉంటేనే బండారం బయటపడేది.

అన్నమయ్య మాత్రం తక్కువా? రాగిరేకుల మీద 12 వేలకు పైగా కీర్తనలు. రాగం పేరు చెక్కించారు, బేసు ఎంత పెట్టాలో ఒక్క రేకు మీదా లేదు.

కనుక అనుమతి తప్పనిసరి చేయాలి. దరఖాస్తులో 'బాక్సులు ఎన్ని' అన్న గడి ఖాళీగా వదిలితే తిప్పి పంపాలి.