బ్యాకప్ నడుస్తోందా అని కాదు, తిరిగి వస్తుందా అని అడగండి

సాఫ్ట్‌వేర్ బృందాల్లో ఏ పనిని స్క్రిప్టుకు (దానంతట అదే నడిచే చిన్న ప్రోగ్రాముకు) అప్పగించాలి, ఏది మనిషి చేత్తో చేయాలి అన్న చర్చ ఎప్పుడు వచ్చినా, అది ఎన్ని గంటలు మిగులుతాయన్న లెక్కతోనే ముగిసిపోవడం నాకు ఎంతో బాధ కలిగిస్తుంది. ఆ పని తప్పిన రోజున తప్పు జరిగినట్లు ఎవరికి, ఎంత సేపట్లో తెలుస్తుంది అన్నదే మొదట తేల్చుకోవలసిన విషయమని నా దృఢమైన అభిప్రాయం.

2017 జనవరి 31న, సాఫ్ట్‌వేర్ బృందాలు తమ కోడ్‌ను దాచుకునే సేవను నడిపే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు రెండో డేటాబేస్ సర్వరులోని డైరెక్టరీని చెరిపేయబోయి, అదే కమాండును ప్రధాన సర్వరు మీద నడిపారు. క్షణాల్లో గ్రహించి ఆపినా అప్పటికే సుమారు 300 జీబీ డేటా పోయింది. చేత్తో చేస్తే ఇంతే అని తీర్పు చెప్పేవారు ఆ తర్వాత జరిగింది కూడా తెలుసుకోవాలి. రోజూ దానంతట అదే నడిచే బ్యాకప్ వారికి ఉంది. తీరా చూస్తే, డేటాబేస్‌ను నడిపే పోస్ట్‌గ్రెస్ సాఫ్ట్‌వేర్ 9.6 వెర్షన్ కాగా, దాని నకలు (డంప్) తీసే ప్రోగ్రాము 9.2 వెర్షన్ కావడంతో అది విఫలమవుతూ ఉంది. ఫైళ్లు ఉండవలసిన చోటు ఖాళీగా ఉంది. విఫలమైందని చెప్పవలసిన మెయిళ్లు పంపినవారు అసలువారేనా అని చూసే డీమార్క్ తనిఖీ దగ్గరే తిరస్కరణకు గురయ్యాయి కనుక ఎవరికీ అందలేదు. చివరికి ఆదుకున్నది, మరో పని కోసం ఒక ఇంజనీరు సుమారు ఆరు గంటల ముందు చేత్తో తీసిపెట్టుకున్న స్నాప్‌షాట్, అంటే ఆ క్షణానికి డేటా ఎలా ఉందో అలాగే తీసిన నకలు. ఆ తర్వాత డేటాబేస్‌లో చేరినది తిరిగి రాలేదు. ఇదంతా దాచకుండా ఆ సంస్థే బయటపెట్టింది. అందుకు వారంటే నాకు ఎంతో గౌరవం.

అలాగని చేతిపనిని నేను వెనకేసుకురావడం లేదు. 2012లో అమెరికాలోని నైట్ క్యాపిటల్ అనే షేర్ల వ్యాపార సంస్థలో కొత్త కోడ్‌ను ఎనిమిది సర్వర్లలో పెట్టవలసి ఉండగా ఒకదాన్ని వదిలేశారు. ఆగస్టు 1న మార్కెట్ తెరవగానే ఆ ఒక్క సర్వరులో ఏనాడో వాడకం మానేసిన పాత కోడ్ నడవడం మొదలై, సుమారు 45 నిమిషాల్లో సంస్థకు 44 కోట్ల డాలర్లకు పైగా నష్టం తెచ్చింది. మార్కెట్ తెరవక ముందే లోపాన్ని సూచించే 97 మెయిళ్లు సిబ్బందికి వెళ్లాయి. అక్కడ మెయిళ్లు చేరకపోతే, ఇక్కడ చేరినా ఎవరూ పట్టించుకోలేదు.

అందుకే, పది చోట్ల ఒకేలా జరగవలసిన డిప్లాయ్‌మెంటును (కొత్త కోడ్‌ను సర్వర్లలో పెట్టడాన్ని) మనిషి జ్ఞాపకశక్తికి వదిలేయడం అన్యాయమని నేనంటాను. డేటాను చెరిపే కమాండుకు ముందు మాత్రం, సర్వరు పేరు చూసి దాన్ని మనిషే టైపు చేస్తే తప్ప పని ముందుకు సాగకూడదు. బ్యాకప్ విషయంలోనైతే, ఆ పని (జాబ్) పూర్తయిందని తెర మీద పచ్చగా కనిపించడం నాకు సాక్ష్యమే కాదు. ఎవరో ఒకరు దాన్ని ఖాళీ సర్వరు మీద రిస్టోర్ చేసి, అంటే తిరిగి నింపి, అందులోని డేటా టేబుళ్లు తెరిచి చూడాలి. ఈ పనిని చేయవలసిన పనుల జాబితాలో చేరుస్తూ టికెట్ వేస్తే, కొత్త ఫీచర్లు ముఖ్యమంటూ స్ప్రింట్ (కొన్ని వారాల పని విడత) తర్వాత స్ప్రింట్‌కు నెట్టేయడం మన బృందాల్లో మామూలైపోయింది. దాన్ని నెట్టేసే మేనేజర్లను నేను అడిగేది ఒక్కటే: బ్యాకప్ సక్రమంగా పూర్తయిందన్న కబురు రాని రోజున ఎవరి ఫోన్ మోగాలో పేరుతో సహా రాసిపెట్టండి, ఆ మనిషి బృందం మారిన రోజే ఆ పేరు కూడా మార్చండి.