సవరణ: ఎమ్మెస్ ఉన్నవాళ్లు నీళ్లు తగ్గించాలన్న మాట గురించి

మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎమ్మెస్, అంటే మెదడు, వెన్నుపాములోని నరాలు దెబ్బతినే జబ్బు) మీద పోయిన వారం రాసిన పోస్టులో, మూత్రం ఆపుకోలేనివాళ్లు నీళ్లు తక్కువ తాగితే సరిపోతుందని రాశాను. అది తప్పు. ఊరెళ్లే రోజు మా అక్క పొద్దుట్నుంచీ నీళ్ల సీసా మూతే తియ్యదు. అది చూసి రాసేశాను.

నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని ఇంకా చికాకుపెడుతుంది. పైగా మలబద్ధకం. గట్టిపడ్డ మలంతో నిండిన పేగు పక్కనున్న మూత్రాశయాన్ని నొక్కితే మళ్లీ బాత్రూమ్‌కి పరుగే. గుండె, కిడ్నీ జబ్బులుండి డాక్టరు వద్దంటే తప్ప, రోజుకు ఒకటిన్నర నుంచి రెండు లీటర్లు తాగాలి. పడుకునే ముందు రెండు గంటలు నీళ్లు తాగడం మానొచ్చు. కాఫీ, టీ తగ్గించమన్న మాట మాత్రం మార్చడం లేదు.

ఇంకోటి. మూత్రం అర్జెంటుగా వస్తుంటే, మూత్రాశయం బిగుసుకోకుండా చేసే ఆక్సిబ్యుటినిన్ లాంటి మాత్ర డాక్టర్ని అడగమని కూడా ఆ పోస్టులో రాశాను. ముందు స్కాన్ చేయించుకోమని రాయాల్సింది. మూత్రానికి వెళ్లొచ్చిన వెంటనే పొత్తికడుపు మీద చేస్తారు, లోపల ఎంత మిగిలిందో తెలుస్తుంది. చాలామంది డాక్టర్లు 100 మిల్లీలీటర్లు దాటితే ఎక్కువే అంటారు. అలాంటప్పుడు ఆ మాత్ర ఒక్కటే వాడితే మిగిలేది ఇంకా పెరగొచ్చు. సన్నటి గొట్టంతో ఎవరికి వాళ్లే మూత్రం తీసుకోవడం నేర్పిస్తారు. అన్నట్టు, ఆ మాత్రకు నోరెండటం, మలబద్ధకం కూడా ఉన్నాయి.