మిలిటరీ సంబంధం

ఈ వేసవిలో హైదరాబాదు వెళ్లేసరికి తిరుమలగిరిలో మా అక్కయ్య ఇంట్లో మేనకోడలి పెళ్లి మాటలు నడుస్తున్నాయి. అబ్బాయి సైన్యంలో కెప్టెన్. 1806 నుంచి దండు పక్కనే పెరిగిన సికింద్రాబాదులో సైతం "మిలిటరీవాడికా?" అన్న ప్రశ్న ఇంకా అంత గట్టిగా వినిపించడం నాకు వింతగా తోచింది. సరిహద్దులో ఉంటే పిల్ల ఒంటరిదైపోదా అని దిగులుపడే పెద్దలే, వీసా వచ్చేదాకా కొత్త పెళ్లికూతురు నెలల తరబడి పుట్టింట్లోనే ఉండిపోవచ్చని తెలిసి కూడా అమెరికా సంబంధమంటే ఎదురేగుతారు. అమెరికాలో ఉన్న మనవాళ్లలో ఆ ఎదురుచూపు ఎరుగనివారు తక్కువే.

అమ్మాయి సందేహం మాత్రం న్యాయమైనది. సరిహద్దుల్లాంటి చోట్ల వేసే ఫీల్డ్ పోస్టింగులో భార్యను వెంట ఉంచుకోవడానికి సాధారణంగా వీలుండదు. కుటుంబంతో ఉండగలిగే పీస్ స్టేషన్‌లో క్వార్టర్ దొరికినా కొన్నేళ్లకు మళ్లీ బదిలీ తప్పదు. మాదాపూరులో ఉద్యోగం చేసుకుంటున్న పిల్ల ప్రతిసారీ రాజీనామా ఇవ్వాలా, లేక ఇద్దరూ చెరొక ఊళ్లో ఉంటూ సెలవులకు కలుసుకోవాలా అన్నది పెళ్లికి ముందే తేలవలసిన విషయం. మన పెద్దలు దాన్ని "తర్వాత చూసుకోవచ్చులే" అని దాటవేస్తారు.

అగ్నిపథ్ పథకం కింద సైన్యంలో చేరే అగ్నివీరుల సంగతి మరీ చిక్కు. 2022లో ప్రకటించిన అగ్నిపథ్ నిబంధనల ప్రకారం అవివాహితులే చేరాలి, నాలుగేళ్ల సర్వీసు ముగిసేదాకా పెళ్లి చేసుకోకూడదు. ఆ పిమ్మట 25 శాతానికి మించకుండా మాత్రమే శాశ్వత సర్వీసులోకి తీసుకుంటారు. మిగిలినవారు సేవానిధి పేరిట ఒకేసారి ఇచ్చే సుమారు 11.71 లక్షల రూపాయలతో, పింఛను లేకుండా ఇంటికి వస్తారు. పెళ్లికి అడ్డు తొలగిన రోజే చాలామందికి ఉద్యోగమూ పోతుందన్నమాట. అగ్నివీరుడి కోసం అంతకాలం వచ్చిన సంబంధాలన్నీ తోసిపుచ్చుతూ కూర్చున్న అమ్మాయి, ఇంట్లోవారికి అప్పుడు ఏమని చెప్పుకోవాలి? శిక్షణకాలంలో ఆ కట్టడిని నేను అర్థం చేసుకోగలను. నాలుగేళ్లూ ఉండడం నాకు సమ్మతం కాదు.

పెళ్లి ఉద్యోగానికి అడ్డనే చూపు సైన్యంలో కొత్తది కాదు. సికింద్రాబాదు మిలిటరీ ఆసుపత్రిలో పనిచేసిన ఒక నర్సింగు ఆఫీసరును, ఒక సైనికాధికారిని పెళ్లాడినందుకు 1988లో తొలగించారు. అందుకు ఆధారమైన 1977 నాటి ఉత్తర్వు 1995లోనే రద్దయింది. ఆమెకు 60 లక్షల పరిహారం చెల్లించాలని సుప్రీంకోర్టు తేల్చేసరికి 2024 వచ్చింది.

ఇంతకీ మా మేనకోడలు ఆ అబ్బాయిని అడిగింది ఒక్కటే: "తర్వాతి పోస్టింగ్ ఎక్కడండీ?"

"తెలియదండీ. ఎక్కడికి వేసినా మిమ్మల్ని వెంట తీసుకెళ్లగలనని ఇప్పుడే మాటివ్వలేను."

ఆ జవాబు ఆమెకు నచ్చింది. మా అక్కయ్య మాత్రం ఇంకా ఆలోచిస్తూనే ఉంది.