ట్రాక్ సైకిల్‌కు బ్రేకు వద్దంటున్న మహానుభావులకు

"ఒక్క ట్రాక్ సైకిల్ కొనండి, రేసుకూ కాలేజీకీ అదే చాలు" అంటూ ఏడు సూత్రాల మెసేజ్ ఒకటి కడప సైకిల్ గ్రూపులన్నింటిలో ప్రదక్షిణలు చేస్తోంది. మామూలు సైకిల్‌కు వెనుక ఫ్రీవీల్ ఉంటుంది, తొక్కడం ఆపినా బండి పోతుంటుంది. ట్రాక్ సైకిల్ పోటీల బండి, దానికి ఫ్రీవీలూ ఉండదు, బ్రేకూ ఉండదు. చక్రం తిరిగినంతసేపూ పెడళ్లూ తిరుగుతాయి, ఆపాలంటే కాళ్లతో వెనక్కి ఒత్తాలి. దాన్నే ఫిక్స్‌డ్ చక్రం అంటారు. పొద్దున నడకకు వెళ్లే పెద్దలు పంపుతున్నారు, డిగ్రీ పిల్లలు పంపుతున్నారు, జన్మలో ఫిక్స్‌డ్ చక్రం తొక్కని బంధువులు సైతం దండం బొమ్మ జోడించి మరీ పంపుతున్నారు. దాని నెత్తిన 2019 జూనియర్ ప్రపంచ పోటీల్లో టీమ్ స్ప్రింట్ స్వర్ణం తెచ్చిన మన కుర్రాళ్ల ఫొటో. ఆ ఫొటోకూ కింది రాతకూ ఉన్న సంబంధం, క్యాలెండర్ మీది దేవుడికీ ఆయన పాదాల కింద అచ్చేసిన ఎరువుల కొట్టుకూ ఉన్నంతే.

చిల్లర సూత్రాలను ముందు వదిలించుకుందాం. చైనుకు కొబ్బరినూనె రాయాలట. తలకు రాసుకోండి, అక్కడైతే పనికొస్తుంది. ఫ్రేమ్ ఏ సైజైనా పర్వాలేదు, సీటు పైకి లేపుకుంటే సరిపోతుందట. సీటు లేస్తుంది సరే, హ్యాండిల్ దూరం ఎవరు సరిచేస్తారు? పెడల్‌ను పట్టి ఉంచే కడ్డీ, అదే క్రాంకు, పొడుగైతే బలం ఎక్కువ కాబట్టి 175 మిల్లీమీటర్లది వేయించుకోవాలట. ట్రాక్ సైకిళ్లకు 165 ఎందుకు వస్తుందో రాసినాయన ఒక్క క్షణం ఆలోచించినట్టు లేదు. మలుపులో బండి వాలినప్పుడు కూడా ఈ పెడల్ తిరుగుతూనే ఉంటుంది. క్రాంకు పొడుగైతే పెడల్ నేలను కొడుతుంది, వెనుక చక్రం గాల్లోకి లేస్తుంది. కోటిరెడ్డి సర్కిల్ దగ్గర ఆ విన్యాసం చూడటానికి జనం టికెట్టు లేకుండానే వస్తారు.

గేరు సంగతి. "ముందు 49 పళ్ల చక్రం, వెనుక 14 పళ్లది వేయండి, వేగం దానంతటదే వస్తుంది" అని రాశారు. దానంతటదే రాదు, మీ మోకాళ్ల నుంచి వస్తుంది. 49ని 14తో భాగిస్తే మూడున్నర. అంటే పెడల్ ఒక్క చుట్టు తిరిగితే బండి ఏడు మీటర్లకు పైగా కదలాలి. వెలోడ్రోమ్‌లో, అంటే సైకిల్ పోటీల ట్రాక్ మీద, ఒకసారి ఊపందుకున్నాక ఆగే పని లేదు కాబట్టి అది చెల్లుతుంది. ఏడు రోడ్ల కూడలిలో ఆగి, పుస్తకాల సంచి వీపున వేసుకుని, ఎదురుగాలిలో మళ్లీ బయల్దేరి చూడండి. ఊళ్లో తిరగడానికి 48కి 18 హాయిగా సరిపోతుంది. పోటీ రోజున వెనుక 15 వేసుకోవచ్చు.

ఇక అసలు విషం దగ్గరికి వద్దాం. ఆరో సూత్రం యథాతథంగా ఇది: "బ్రేకు అనవసరపు బరువు. ఛాంపియన్లెవరూ వాడరు. కాళ్లతోనే ఆపవచ్చు. తీసేయండి."

ఛాంపియన్లు వాడరన్నది నిజం. వాళ్లు వాడటానికి నిబంధనలు ఒప్పుకోవు కూడా. ఎందుకని? ట్రాక్ మీద అందరూ ఒకే దిక్కుకు, చక్రానికి చక్రం తగిలేంత దగ్గరగా పోతుంటారు. ఒకడు ఉన్నట్టుండి బ్రేకు వేస్తే వెనుక ఉన్న నలుగురూ వాడి మీద పడతారు. అందుకే అక్కడ బ్రేకు ప్రమాదం. రోడ్డు మీద లెక్క పూర్తిగా తలకిందులు. వెలోడ్రోమ్‌లో షేర్ ఆటో ఉండదు స్వామీ! మన ఆటో డ్రైవరు ఎడమకు తిరగబోతున్నాడని తెలిపే ఏకైక సూచన, బయటికి వచ్చే ఆయన చెప్పు కాలు. ఆ కాలు కనిపించాక మీకు మిగిలేది కొన్ని మీటర్లే.

ఆ మీటర్ల లెక్క చూడండి. బండి ఆగేటప్పుడు బరువంతా ముందుకు వస్తుంది, వెనుక చక్రం తేలికవుతుంది. అందుకే ముందు బ్రేకే గట్టిగా ఆపుతుంది. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో, పొడి రోడ్డు మీద, మంచి ముందు బ్రేకుతో 7, 8 మీటర్లలో ఆగవచ్చు. వెనుక చక్రం ఒక్కదాన్నే నమ్ముకుంటే సుమారు 14 మీటర్లు కావాలి. కాళ్లతో చక్రాన్ని బిగించి జారిస్తే ఇంకా ఎక్కువే. "స్కిడ్ నేర్చుకుంటే చాలు" అని మెసేజ్ కింద ఒకాయన భరోసా ఇచ్చాడు. స్కిడ్ అంటే ముందుకు వంగి, వెనుక చక్రం మీది బరువు తీసేసి, మోకాళ్లు బిగబట్టడం. ఉన్న కాస్త పట్టునూ మనమే తీసేస్తున్నామన్న మాట. పైగా 48కి 16 వేసి ఎప్పుడూ ఒకే కాలు ముందుంచి జారిస్తే, టైరు ప్రతిసారీ ఒకే చోట అరుగుతుంది. నిష్పత్తి సరిగ్గా మూడు కదా, పెడల్ ఒక్క చుట్టుకు చక్రం మూడు చుట్లు తిరిగి మళ్లీ అదే చోటికి వస్తుంది. మిగతా టైరు కొత్తదిలా మెరుస్తుంటే, ఆ బెత్తెడు మేర లోపలి గుడ్డ బయటపడి ఉంటుంది.

ఇదంతా చదునైన రోడ్డు మాట. ఆదివారం పాలకోవా కోసం గువ్వలచెరువు దాకా తొక్కే అలవాటు మన ఊరి సైకిల్ పిల్లలకు ఉంది. ఎక్కేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు, ఊపిరి ఆడక వాళ్లే ఆగుతారు. దిగేటప్పుడు ఘాట్‌లో 50 కిలోమీటర్ల వేగం తొక్కకుండానే వస్తుంది. 48కి 18 మీద ఆ వేగంలో పెడళ్లు నిమిషానికి 150 చుట్లకు దగ్గరగా తిరుగుతాయి. మీరు తొక్కడం కాదు, పెడళ్లే మిమ్మల్ని తొక్కుతుంటాయి. ఆ సమయంలో ఒక పాదం జారిందంటే, మీకున్న ఒకే ఒక్క బ్రేకు కూడా జారినట్టే. తిరుగుతున్న పెడల్ మీద పాదం మళ్లీ పెట్టలేరు. ముందు మలుపులో లోడు లారీ ఉంటుంది. ఈ ఘాట్‌లో లారీలు ఎలా బోల్తా పడతాయో జిల్లాలో ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. వాటికి బ్రేకులు ఉండి కూడా పడతాయి.

"విదేశాల్లో అందరూ ఇలాగే తొక్కుతారు, జపాన్ కైరిన్ వీరులను చూడండి" అని కూడా ఉంది. చూశాం. కైరిన్ అనే ఆ సైకిల్ పందెం జరిగేది ట్రాక్ మీద. జపాన్ రోడ్ల మీద సైకిలుకు ముందూ వెనుకా బ్రేకులు ఉండాలని అక్కడి చట్టం. బ్రిటన్‌లో ఫిక్స్‌డ్ చక్రాన్ని వెనుక బ్రేకు కింద లెక్కిస్తారు, ముందు బ్రేకు మాత్రం ఉండి తీరాలి. 2016లో లండన్‌లో ముందు బ్రేకు లేని ట్రాక్ సైకిల్ ఢీకొని, రోడ్డు దాటుతున్న ఒక మహిళ ప్రాణం పోయింది. తొక్కిన కుర్రాడికి మరుసటి ఏడాది 18 నెలల శిక్ష పడింది. అతనికి కూడా ఎవరో ఇలాంటి సూత్రమే చెప్పి ఉంటారు.

ఏడో సూత్రం దీనికి తమ్ముడు: "ట్రాక్ సైకిల్ కొనలేకపోతే పాత సైకిల్ ఫ్రీవీల్‌ను వెల్డింగ్ చేయించండి, రెండూ ఒకటే." ఒకటి కాదు. ట్రాక్ సైకిల్ హబ్బుకు, అంటే చక్రం నడుమ ఇరుసు చుట్టూ తిరిగే భాగానికి, పళ్ల చక్రం బిగించాక, దాని మీద ఎడమ మరతో ఇంకో రింగు బిగిస్తారు. కాళ్లతో వెనక్కి ఒత్తినప్పుడు పళ్ల చక్రం విప్పుకోబోతుంది, ఆ రింగు దాన్ని ఆపుతుంది. మామూలు హబ్బుకు ఆ రింగు మరే ఉండదు. కాబట్టి మీరు ఆపాలనుకుని ఒత్తిన ప్రతిసారీ వెల్డింగ్ ముక్క కొద్దికొద్దిగా వదులవుతుంది. బ్రేకు ముందే పీకేశారు కదా, ఇక కాళ్లు గాల్లో తిరుగుతాయి, బండి దాని దారిన అది పోతుంది. వెల్డింగ్ చేసే అన్నకు ఇది తెలియకపోవడంలో తప్పు లేదు, ఆయన గేట్లు, గ్రిల్లులు చేసుకునే మనిషి. సూత్రాలు రాసే మనిషికి తెలిసి ఉండాలి.

ఇంత తిట్టాక ఒకటి ఒప్పుకోక తప్పదు. కొందరు ఎగతాళి చేస్తున్న మొదటి సూత్రం, "ఒక్కటే బండి చాలు" అన్నది, సరైనదే. రెండు సైకిళ్లు కొనే స్తోమత లేని పిల్లవాడికి నేనూ అదే చెబుతాను. కడప ఊరి వరకు చదునే. మన దుమ్ముకు గేర్ల సైకిల్ వెనుక ఉండే చిన్న చక్రాలు, తీగలు ఎంతకాలం నిలుస్తాయో వాడినవారికి తెలుసు. ట్రాక్ బండిలో చెడిపోవడానికి అసలు వస్తువులే తక్కువ. రెండు వైపులా మర ఉన్న వెనుక హబ్బు తీసుకుంటే, ఒక వైపు పోటీకి 15 పళ్ల ఫిక్స్‌డ్, మరో వైపు ఊరికి 18 పళ్ల ఫ్రీవీల్. చక్రం తిప్పి వేసుకోవడమే. ఇరుసు గాడిలో సుమారు ఒక సెంటీమీటరు జరుగుతుంది, చైను మార్చనక్కర్లేదు. 15వ నంబరు పానా జేబులో ఉండాలి. చైను మధ్యలో వేలితో నొక్కితే కొద్దిగా ఆడాలి. అంతకన్నా వదులైతే ఊడి వెనుక చక్రాన్ని పట్టేస్తుంది. హైదరాబాద్‌లో ఉస్మానియా వెలోడ్రోమ్‌కు పోటీకి వెళ్లినప్పుడు బ్రేకులు విప్పి సంచిలో వేసుకోండి, తిరిగి వచ్చాక బిగించుకోండి. ఆ కాసేపు తేలికైన బరువుతో మెసేజ్ రాసినాయన ఆత్మ కూడా శాంతిస్తుంది.

ఫ్రీవీల్ వైపు తొక్కేటప్పుడు కాళ్లు బండిని ఆపలేవు కాబట్టి వెనుక బ్రేకు కూడా కావాలి. అందుకని కొనేటప్పుడు ముందు చక్రాన్ని పట్టే ఫోర్కు నెత్తిన, వెనుక చక్రం పైన ఉండే అడ్డ గొట్టానికి, బ్రేకు బోల్టు పట్టే రంధ్రాలు ఉన్నాయో లేదో వేలు పెట్టి చూడండి. అచ్చంగా ట్రాక్ కోసమే చేసిన ఫ్రేములకు చాలావాటికి ఉండవు. "డ్రిల్లు కొట్టిస్తాలే" అని కొట్టువాడు అంటే, ముఖ్యంగా అది కార్బన్ ఫోర్కు అయితే, బండి అక్కడే గోడకు ఆనించి వచ్చేయండి.